మెట్టసీమలో మెట్లవాద్యాలు

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు నెల్లూరు జిల్లాకు పడమటి మెట్ట. తూర్పున వరిమడులు, ఇక్కడ వెలుగొండల నీడలో చెరువులనూ వాననూ నమ్ముకొన్న పొలాలు. సోమశిల నీరు అందిన పల్లెలు కొంత నయం. ఈ సీమలో ఇప్పుడు ఒకే వాద్యం మూడు తావుల్లో కనిపిస్తుంది. శ్రీరామనవమి పందిట్లో భజనపాటకు అదే. ఆదివారంనాడు చర్చిలో కీర్తనకు అదే. దర్గాలో ఉరుసు రాత్రి ఖవ్వాలీ పాడే జట్టు ముందు, హార్మోనియం ప్రక్కన, మళ్ళీ అదే. దాని అసలు పేరు ఎలక్ట్రానిక్ కీబోర్డు. ఏ కంపెనీ తయారుచేసినా సరే, జనం దానిని 'క్యాసియో' అంటారు, వనస్పతినంతటినీ డాల్డా అన్నట్లు. ఆ పేరుగల జపాను కంపెనీ 1946లో పుట్టి, లెక్కల యంత్రాలతో పేరు పొంది, 1980లో 'క్యాసియోటోన్' అనే వాద్యాన్ని బజారులోకి తెచ్చింది. లెక్కలు కట్టే చేతితోనే సంగీతం కట్టింది గనుక దాని గుణాలూ దోషాలూ లెక్కలలోనే వెదకాలి.

ఈ వాద్యాన్ని గురించి ఊళ్ళలో రెండు తీర్పులు వినిపిస్తాయి. హార్మోనియం పోయి ఇది వచ్చినాక పద్యం చెడిందని పెద్దలంటారు. వీణ, వేణువు, సన్నాయి, మృదంగం అన్నీ ఈ ఒక్క పెట్టెలోనే ఉన్నప్పుడు వేరే వాద్యం ఎందుకని కుర్రవాళ్ళంటారు. రెండూ పరీక్షకు నిలిచేవి కావు. పెద్దలు దీనిమీద మోపే నేరాలలో ముఖ్యమైనది హార్మోనియం చేసిన నేరమే. కుర్రవాళ్ళు దీనికి కట్టబెట్టే గొప్పలలో ముఖ్యమైనది దీనిలో లేనిదే. దీనిలో నిజంగా ఉన్న శక్తినేమో ఇరుపక్షాలవారూ తలచుకోరు.

మొదట హార్మోనియం సంగతి. అది పుట్టింది పారిస్ నగరంలో, 1840ల మొదట. చేసినవాడు అలెగ్జాండర్ దెబైన్. కాళ్ళతో తొక్కే ఆ పెట్టెను నేలమీద కూర్చుని చేత్తో తిత్తి ఊదే రూపానికి 1875లో మార్చినది కలకత్తాలోని ద్వారకానాథ్ ఘోష్. 19వ శతాబ్దం ముగిసే నాటికి అది నాటకాలతోపాటు తెలుగునాట కాలుపెట్టింది. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లివారి సత్యహరిశ్చంద్ర, చింతామణి ఆడిన చోటల్లా హార్మోనియం ఆడింది. నటుడు పద్యం ఎత్తుకోవడం, చివర రాగం తీయడం, ఆ రాగాన్ని హార్మోనిస్టు మెట్లమీద తిరిగి పలికించడం, సభ వన్స్‌మోర్ కొట్టడం! ఈ తంతు ఎరుగని పల్లె మెట్టసీమలోనూ ఉండదు.

తెలుగు రంగస్థలం దానిని నెత్తిన పెట్టుకొన్న ఆ రోజుల్లోనే ఆకాశవాణి దానిని గడప తొక్కనీయలేదు. ఢిల్లీ కేంద్రంలో పాశ్చాత్య సంగీత విభాగానికి అధిపతిగా ఉండిన జాన్ ఫౌల్డ్స్ 1938లో హార్మోనియంమీద ఘాటైన విమర్శ వ్రాశాడు. 1940 మార్చి 1 నుండి రేడియోలో దానిని నిషేధించారు. 1948లో విజయవాడ కేంద్రం ఆరంభమైననాటికీ ఆ నిషేధం అమలులోనే ఉన్నది. 1971లోగాని సడలింపు రాలేదు. రవీంద్రనాథ ఠాగూరు వంటివారు కూడా ఆ వాద్యాన్ని వద్దన్నవారే. వారి అభ్యంతరం అది విదేశీయమని కాదు. వయొలిన్ కూడా విదేశీయమే; దానిని కర్ణాటక సంగీతం కూతురిలా చూచుకొన్నది. వారి అభ్యంతరం రెండు విషయాలమీద: ఒకటి మెట్ల శ్రుతి, రెండు మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న గోతి.

శ్రుతి దోషాన్ని హైస్కూలు విద్యార్థి కాగితంమీద తేల్చగలడు. తంబురా తీగ షడ్జమాన్ని సెకనుకు 240 కంపనాలతో పలుకుతున్నదనుకొందాం. దానితో నిష్పత్తి 3:2 అయితే పంచమం, అంటే 360. నిష్పత్తి 5:4 అయితే అంతర గాంధారం, అంటే 300. చిన్న అంకెల నిష్పత్తులు గనుక ఈ స్వరాలు షడ్జమంతో కలిసినప్పుడు చెవికి హాయి. మెట్లవాద్యం ఈ నిష్పత్తులను పాటించదు. ఏ మెట్టునైనా షడ్జమం చేసికొనే వీలుండాలని, స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి, ప్రతి మెట్టు క్రిందిమెట్టుకు 1.05946 రెట్లు ఉండేటట్లు కట్టారు. ఆ అంకెను పన్నెండుసార్లు హెచ్చిస్తే సరిగా 2 వస్తుంది. ఏ మెట్టుకూ అన్యాయం లేదు. అయితే గాంధారానికి నాలుగు మెట్లు ఎక్కితే 300 రాదు, 302.4 వస్తుంది. పంచమానికి ఏడు మెట్లు ఎక్కితే 359.6, అది దాదాపు సరియే.

సంగీత శాస్త్రజ్ఞులు ఈ తేడాను సెంట్లలో కొలుస్తారు. మెట్టప్రాంతపు రైతుకు ఈ మాట కొత్త కాదు. ఎకరానికి నూరు సెంట్లు ఉన్నట్లే ఒక మెట్టుకు నూరు సెంట్లు, స్థాయికి 1200. ఈ లెక్కన సహజ గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటే మెట్ల గాంధారం 400 దగ్గర ఉన్నది. అంటే 14 సెంట్లు ప్రక్కకు జరిగింది. పొలం గట్టు 14 సెంట్లు జరిగితే ఊరి పెద్దలు పంచాయతీ పెట్టక మానరు. పాటలో జరిగితే అడిగే నాథుడు లేడు.

ఇది చెవికి అందనంత సూక్ష్మమా అంటే, కాదు. ఏ స్వరమూ ఒంటరిగా పలకదు. దానితోపాటు రెండు, మూడు, నాలుగు, అయిదు రెట్ల అనుస్వరాలు కూడా పలుకుతాయి. 240 షడ్జమపు అయిదవ అనుస్వరం 1200. సహజ గాంధారపు నాలుగవ అనుస్వరం కూడా 1200. రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మెట్ల గాంధారపు నాలుగవ అనుస్వరం మాత్రం 1209.5. ఈ రెండింటి తేడా వలన సెకనుకు తొమ్మిది, పది విస్పందనాలు పుడతాయి. శ్రుతిదండాలతో ప్రయోగశాలలో చూపే విస్పందనాలే ఇవి. తంబురా మీటుతూ కీబోర్డుమీద గాంధారం నొక్కి పట్టితే ఆ గరగర ఎవరికైనా వినిపిస్తుంది. పంచమం నొక్కితే విస్పందనం సెకనుకు ఒకటైనా నిండదు. అందుకే మెట్లవాద్యంమీద పంచమం తియ్యగానూ గాంధారం కరుకుగానూ ఉంటుంది. శుద్ధమైన నిష్పత్తి ప్రకారం చూస్తే చతుశ్శ్రుతి ధైవతం పరిస్థితి ఇంకా అధ్వాన్నం. అక్కడ తేడా 16 సెంట్లు.

ఈ దోషం హార్మోనియంలోనూ ఉన్నది, కీబోర్డులోనూ ఉన్నది. నిజానికి హార్మోనియం పక్షాన చెప్పదగిన మాట ఒకటుంది. దాని రీడును గీకవచ్చును. ఇత్తడి రీడు కొన దగ్గర గీకితే బరువు తగ్గి శ్రుతి పెరుగుతుంది; మొదలు దగ్గర గీకితే బిగువు తగ్గి శ్రుతి దిగుతుంది. మరమ్మతు చేసేవాడు చెవిగలవాడైతే గాంధారాన్ని తంబురాకు కలిపి దించగలడు. కాని అలా ఒక శ్రుతికి కలిపిన పెట్టె ఇంకొక శ్రుతికి పనికిరాదు. నాలుగు శ్రుతిలో పాడే హరిశ్చంద్రుడు, అయిదున్నరలో పాడే చంద్రమతి ఒకే రాత్రి ఒకే పెట్టెతో పాడవలసి ఉన్నప్పుడు ఆ పని ఎవరూ చేయించరు. కాబట్టి హార్మోనియం శ్రుతిశుద్ధమైనదనీ కీబోర్డు దానిని చెరిచిందనీ అనడం చరిత్రకు విరుద్ధం. హార్మోనియంతో నూరేళ్ళు అలవాటైన చెవి దానినే ప్రమాణంగా పెట్టుకొని కొత్తదానిని తప్పుపడుతున్నది.

ఇక రెండవ అభ్యంతరం, మెట్లమధ్య గొయ్యి. కర్ణాటక సంగీతంలో స్వరం నిలిచే చోటుకంటె కదిలే దారి ముఖ్యం. తోడిరాగపు గాంధారం రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగుతూ ఉంటుంది. దానిని ఒక మెట్టుమీద నిలబెడితే తోడి కాకుండా పోతుంది. మెట్టు నొక్కితే స్వరం, వదిలితే మౌనం. ఊపు ఎక్కడినుంచి రావాలి? ఇక్కడే కొందరు విమర్శకులు తొందరపడి, విద్యుత్ వాద్యాలన్నీ గమకానికి పనికిరానివని తీర్పు చెబుతారు. ఈ తీర్పు చరిత్రను తలక్రిందులు చేస్తున్నది.

మెట్లు విద్యుత్తువి కావు. రష్యాలో 1920 ప్రాంతాన లెవ్ థెరెమిన్ చేసిన వాద్యానికి మెట్లే లేవు. గాలిలో చేయి ఆడిస్తే చాలు, స్వరం పైకీ క్రిందికీ జారుతుంది. ఫ్రాన్సులో 1928లో మార్తెనో ప్రదర్శించిన వాద్యంలో వ్రేలికి ఉంగరం తొడిగి, దానికి కట్టిన తీగను ఇటూ అటూ జరిపేవారు. అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో తన సింథసైజరును రూపొందించినప్పుడు దానిలో స్వరాన్ని నడిపినది వోల్టేజి. ఒక వోల్టు పెంచితే ఒక స్థాయి పెరుగుతుంది. వోల్టేజిని నీటి కుళాయి తిప్పినట్లు ఎంత నెమ్మదిగానైనా పెంచవచ్చును, దానికి మెట్లెక్కడివి? అయినా మూగ్ దానికి పియానో మెట్లు తగిలించాడు, వాయించేవారికి చేతివాటం ఉన్నది గనుక. అదే కాలంలో డాన్ బుక్లా అనే ఆయన మెట్లు తగిలించనని పట్టుపట్టాడు. బజారులో గెలిచినవి మెట్లు. మన దేశానికి కూడా మూగ్ యంత్రం తొందరగానే వచ్చింది. 1969లోనే అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో అమెరికన్ సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ దానిని నెలకొల్పాడు. ఆ పని ఒక సంస్థ గోడల మధ్యనే ఉండిపోయింది. పల్లెకు చేరినది దాని తరువాతి తరపు చౌక పెట్టె, మెట్లతో సహా.

విద్యుత్తు గమకానికి శత్రువు కాదనడానికి దూరం పోనక్కరలేదు. పాలకొల్లులో 1969లో పుట్టి 2014లో మరణించిన యు. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌మీదనే కర్ణాటక సంగీతాన్ని ప్రపంచానికి వినిపించాడు. తీగ లాగితే స్వరం జారుతుంది. విద్యుత్తు ఆ జారుడును పెద్దదిచేసి చెవికి అందించింది, అంతే. బెంగుళూరులో తయారయ్యే ఎలక్ట్రానిక్ తంబురాలు చూడండి. వాటిలో శ్రుతి కలిపే మీటకు మెట్లు లేవు. గాయకుని గొంతు ఎక్కడ ఉంటే అక్కడికి తిప్పుకోవచ్చును. సంగీత విద్వాంసుల పెట్టెలలో అవి చోటు సంపాదించుకొన్నది అందువలననే.

కీబోర్డులో కూడా ఈ సౌకర్యం ఉన్నది. కాస్త మంచి రకం పెట్టెకు ఎడమవైపు చివర ఒక చిన్న చక్రం కనిపిస్తుంది. దానిని త్రిప్పితే నొక్కి ఉన్న స్వరం జారుతుంది. సాధారణంగా రెండు మెట్లు పైకి, రెండు మెట్లు క్రిందికి. 1983లో వాద్యాలకోసం ఏర్పడిన 'మిడి' అనే ప్రమాణం ప్రకారం ఆ చక్రం తిరుగుడును 16,384 భాగాలుగా లెక్కించవచ్చును. అంటే ఒక్కొక్క భాగం సెంటులో నలభయ్యవ వంతు. చెవికి అది మెట్టు కాదు, నున్నటి జారుడే. కె. సత్యనారాయణన్ వంటి విద్వాంసులు కీబోర్డుమీద కర్ణాటక కచ్చేరి చేయగలగడానికి ఆ చక్రమే ఆధారం. కుడిచేయి స్వరాన్ని ఎత్తుకొంటుంది, ఎడమచేయి దానిని ఊపుతుంది.

ఈ ఎడమచేతిని గురించి కొంచెం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే విమర్శకు అసలు తావు అదే. చేతి హార్మోనియం వాయించేవాని ఎడమచేయి తిత్తిమీద ఉండేది. తిత్తి ఊపిరి. పద్యంలో మాట బలంగా పడేచోట గాలి బలంగా పడేది; పాదం చివర గాలి సన్నగిల్లేది. గమకం పలుకకపోయినా ఊపిరి పలికేది. కీబోర్డు వచ్చి ఆ చేతికి విడుదల ఇచ్చింది. మోటారు లేదు, తిత్తి లేదు. ఊదవలసిన పని లేదు. మరి విడుదలైన చేయి ఏం చేస్తున్నది? పల్లెలో చూస్తే, మూడు మెట్లు ఒకేసారి నొక్కి పట్టుకొని కూర్చుంటున్నది. కార్డు పట్టడం అంటారు దీనిని. కొందరి చేయి ఆ పనికూడా లేక ఒడిలో ఉంటుంది. చక్రంమీద దుమ్ము పేరుకొంటున్నది.

చౌక పెట్టెలకు ఆ చక్రమే ఉండదనేది నిజం. అయితే అది ఉన్న పెట్టె కొన్నవారు సైతం, దానిని సినిమాపాటలో ఒకటి రెండు చోట్ల విన్యాసంగా త్రిప్పి వదలివేస్తున్నారు. నేర్పేవారికి తెలియకపోవడం ఒక కారణం. సినిమా ఇంకొక కారణం. 1980లలో సింథసైజరు దక్షిణాది చిత్రసంగీతంలోకి బలంగా వచ్చింది. 1992లో 'రోజా'తో ఎ. ఆర్. రహమాన్ దాని నాదాన్ని ఇంటింటికీ చేర్చాడు. ఆ నాదం వెనుక స్టూడియో ఉన్నది, నెలల తరబడి చేసిన కూర్పు ఉన్నది. పల్లె కుర్రవాడు విన్నది ఆ నాదాన్ని, కొన్నది మాత్రం పెట్టెను.

కార్డు విషయంలో చర్చి కీర్తన మంచి ఉదాహరణ. అమెరికన్ బాప్టిస్టు మిషనుకు ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ కేంద్రాలు ఉండేవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి కీర్తనకు పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటుంది. పురుషోత్తమ చౌధరి (1803–1890) మొదలైనవారు కర్ణాటక రాగాలలో ఆ కీర్తనలు కట్టారు. ఇప్పుడు వాటి క్రింద కార్డులు పరుస్తున్నారు. శంకరాభరణంలో ఉన్న కీర్తన దానికి ఓర్చుకొంటుంది, ఆ రాగపు స్వరాలు పాశ్చాత్యుల మేజర్ స్కేలువే గనుక. గమకంతో ఊగే గాంధారంగల రాగానికి మాత్రం అపాయమే. కార్డులో గాంధారం కొయ్యబారి నిలిచి ఉంటే, పాడేవారి గాంధారం దానిచుట్టూ ఊగుతూ ప్రతిసారీ దానితో రాచుకొంటుంది. పాడేవారు ఏం చేస్తారు? రెండు మూడు వారాలలో ఊపు మానివేస్తారు. పుస్తకంలో రాగం పేరు అలాగే ఉంటుంది, చర్చిలో రాగం ఉండదు. పల్లవి మొదటా చివరా షడ్జమ పంచమాలు రెండే నొక్కిపట్టితే ఈ చిక్కు రాదు, నిండుదనమూ పోదు.

తాళం సంగతి ఇంతకంటె తీవ్రమైనది. పద్యానికి తాళం లేదు గనుక అక్కడ ఈ పెట్టెలోని తాళయంత్రం నోరు మూసుకొంటుంది. భజన దగ్గర అది యజమాని అయింది. మెట్టసీమలో చెక్కభజన చూచినవారికి దాని నడక తెలుసు. మెల్లగా మొదలై, గురువు కనుసన్నమీద అడుగు ముదురుతూ, చివరకు చెక్కల చప్పుడు ఒకే వరసగా వినిపించేంత వేగానికి పోతుంది. వేగం ఎక్కడ పెరగాలో నిర్ణయించేది ఆడేవారి ఊపిరి, ఆనాటి ఉత్సాహం. తాళయంత్రం నిమిషానికి 100 దెబ్బలు అంటే 100 దెబ్బలే. ప్రక్కవాడు అలసినా, గురువు ఊగినా దానికి పట్టదు. పెంచాలంటే వాయించేవాడు మీట నొక్కాలి. ఫలితంగా ఆటే యంత్రానికి లొంగుతున్నది. మొదటినుంచి చివరిదాకా ఒకే వేగంతో ఆడే చెక్కభజన కవాతును తలపిస్తుంది. ఇక్కడ మొహమాటం అక్కరలేదు: మృదంగమో డోలకో పట్టగల మనిషి ఊళ్ళో ఉన్నంతకాలం తాళయంత్రాన్ని కట్టివేయడమే మంచిది.

ఈ సందర్భంలో బొంబాయి వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో చేసిన రికార్డును చెప్పుకోవాలి. రోలండ్ కంపెనీ సింథసైజర్లమీద, యంత్ర తాళానికి పది రాగాలు వాయించిన రికార్డు అది. ఆ రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై ఏండ్లు దాటినాక పాశ్చాత్యులు ముక్కుమీద వ్రేలు వేసికొన్నారు. ఆయన వాడిన చిన్న యంత్రానికి స్వరం నుంచి స్వరానికి జారే వీలున్నది. దానినే ఆయన పట్టుకొన్నాడు. రాగం ఆ రికార్డులో బ్రదికి ఉన్నది. తాళం మాత్రం గోడగడియారంలా నడుస్తుంది. యంత్రంలో ఏది వాడుకోవాలో, దేనికి లొంగకూడదో ఆ ఒక్క రికార్డులోనే వినవచ్చును.

ఇక 'అన్ని వాద్యాలూ ఇందులోనే' అనే మాట. పెట్టె లోపల సన్నాయి లేదు, సన్నాయి పలికిన ఒక క్షణపు అంకెల పట్టిక ఉన్నది. మైకులో పడిన తరంగం ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి వ్రాసిపెట్టడం ఇప్పటి ప్రమాణాలలో ఒకటి. మనిషి చెవి దాదాపు 20,000 కంపనాలవరకు వినగలదు. ఏ తరంగాన్నైనా సరిగా పట్టాలంటే దాని కంపనాలకు రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలవాలి. అందుచేత ఆ అంకె. మెట్టు క్రింద రెండు రబ్బరు మీటలుంటాయి. మెట్టు దిగేటప్పుడు ఒకటి ముందు, ఒకటి వెనుక తగులుతాయి. ఆ రెండింటి మధ్య గడచిన కాలాన్ని బట్టి నొక్కిన జోరెంతో చిప్ లెక్కకట్టి, పట్టికలోని అంకెలను తిరిగి విద్యుత్ తరంగంగా మార్చి స్పీకరుకు పంపుతుంది. ఇదంతా కనురెప్ప పాటుకంటె ముందే జరిగిపోతుంది. మెచ్చుకోవలసిన పనితనమే.

అయితే చౌక పెట్టెలో ప్రతి మెట్టుకూ వేరువేరు పట్టిక ఉండదు. ఒక స్వరాన్ని కొలిచి, పై మెట్లకు దానినే త్వరగా చదువుతారు, క్రింది మెట్లకు మెల్లగా చదువుతారు. త్వరగా చదివితే శ్రుతి పెరుగుతుంది, నిజమే. దానితోపాటు ఆ స్వరంలోని ఊపుకూడా త్వరపడుతుంది. సెకనుకు ఆరుసార్లు ఊగిన సన్నాయి స్వరాన్ని ఒక స్థాయి పైకి ఎత్తితే పన్నెండుసార్లు ఊగుతుంది. సన్నాయి విద్వాంసుడు ఎన్నడూ అలా ఊదడు. చలిజ్వరం పట్టినవాడు ఊదితే ఊదవచ్చు. పెళ్ళిపందిట్లో పెట్టె సన్నాయి వినగానే ఏదో తేడా ఉన్నదని అందరికీ తోచేది ఇందుకే. ఎక్కువ ఖరీదు పెట్టెలలో ఎన్నో స్వరాలను విడివిడిగా కొలిచి ఉంచుతారు. వాటిలో ఈ జబ్బు తక్కువ. ఊది స్వరాన్ని పట్టుకొనే పెదవి మాత్రం ఏ పెట్టెలోనూ లేదు.

మరమ్మతు సంగతి కూడా విమర్శలో చేరవలసినదే. ఉదయగిరి కొయ్యచెంచాలు చెక్కే పనివారికి పేరున్నది. అటువంటి చేతికి హార్మోనియం విరిగిన మెట్టును చెక్కి అమర్చడం లెక్కలోనిది కాదు. కీబోర్డు చిప్ పోతే ఆ ఊళ్ళో ఎవరూ చేయగలిగినది లేదు, నెల్లూరులోనూ సందేహమే. అయితే మూగబోయాయని మూలపడవేసిన పెట్టెలన్నీ చచ్చినవి కావు. మెట్టసీమ దుమ్ము ఆ రబ్బరు మీటల క్రింద చేరి తగులు తప్పించడం మామూలు జబ్బు. విద్యుత్ తీగ ఊడదీసి, పెట్టె విప్పి, రబ్బరు పట్టీ ఎత్తి, పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే ఎన్నో మెట్లు తిరిగి పలుకుతాయి. హైస్కూలు సైన్సు ఉపాధ్యాయుడు విద్యార్థుల ఎదుట చేయదగిన పని ఇది. మీట అంటే ఏమిటో, విద్యుత్ వలయం పూర్తికావడమంటే ఏమిటో ఇంతకంటె మంచి పాఠం దొరకదు.

అలాగే బాగుచేసిన పెట్టెను ప్రయోగశాలలో ఉంచుకొంటే ధ్వని పాఠానికి ఎంతో ఉపకారం. శ్రుతిదండాలు రెండో మూడో ఉండే చోట ఇది అరవయ్యొక్క దండాలు. ఫోనులో శ్రుతి చూపే యాప్ ఒకటి ప్రక్కన పెట్టుకొని, ప్రతి మెట్టు కంపనాలు వ్రాసి, పై మెట్టును క్రింది మెట్టుతో భాగిస్తే 1.059 అన్నిచోట్లా ప్రత్యక్షమవుతుంది. తరువాత విద్యార్థులలో పాడగలిగిన పిల్లను తంబురాకు గాంధారం పాడమని, ఆ కంపనాలు కూడా వ్రాయాలి. ఆమె గొంతు మెట్టు దగ్గర ఉన్నదా, నిష్పత్తి దగ్గర ఉన్నదా? కీబోర్డుతోనే పాట నేర్చిన పిల్లకూ, అమ్మమ్మ దగ్గర నేర్చిన పిల్లకూ తేడా వస్తే తరగతిలో చర్చకు కావలసినంత సరుకు. చెవి దేనితో పెరిగితే దానినే ఒప్పు అంటుంది. ఇంటింటా భజనకూ ప్రార్థనకూ ఈ పెట్టె చేరిన ఊళ్ళలో రాబోయే తరం గాంధారం ఏదో ఇప్పుడే నిర్ణయమవుతున్నది.

ఆ నిర్ణయం పెట్టెకు వదలనక్కరలేదు. కొన్ని రకాల కీబోర్డులలో 'స్కేల్ ట్యూనింగ్' అనే ఏర్పాటు ఉన్నది. హార్మోనియంలో రీడు గీకి చేసిన పనిని ఇక్కడ మీట నొక్కి చేయవచ్చును, పైగా మరుక్షణం పూర్వస్థితికి తేవచ్చును. ఒకటి శ్రుతిలో శంకరాభరణం పాడేటప్పుడు మూడవ తెల్లమెట్టు గాంధారం. దానిని 14 సెంట్లు దించాలి. ఆరవ తెల్లమెట్టు ధైవతం, 16 సెంట్లు. ఏడవది నిషాదం, 12 సెంట్లు. మధ్యమాన్ని 2 దించి, పంచమాన్ని 2, రిషభాన్ని 4 పెంచితే తంబురా ప్రక్కన పెట్టె ఎంత మెత్తబడుతుందో వినాలి. నిలిచి పలికే స్వరాలకే ఈ లెక్క; ఊగే స్వరానికి చక్రమే దిక్కు. శ్రుతి మారితే మెట్లూ మారుతాయి. ఒకటిన్నరలో పాడితే గాంధారం నాలుగవ తెల్లమెట్టుమీదికి, ధైవతం ఆరున్నర నల్లమెట్టుమీదికి, నిషాదం ఒకటవ తెల్లమెట్టుమీదికి వస్తాయి. శ్రుతి మార్చే మీట నొక్కినప్పుడు ఈ సవరణ వెంట వచ్చినదో లేదో, పాట మొదలుపెట్టకముందే తంబురాతో ఒకసారి సరిచూచుకోవాలి.